తాఖీదుకు జవాబు

2020 జనవరి నెలాఖరు. బళ్ళో మధ్యాహ్నం గంట కొట్టారు. క్యారియర్ విప్పబోతుంటే సెల్‌ఫోన్ కుయ్యిమంది. ఆదాయపన్ను శాఖ నుంచి మెసేజ్. 2019-20 అసెస్‌మెంట్ సంవత్సరానికి సంబంధించి 143(1) కింద ఉత్తరం మెయిల్‌కు పంపామని సారాంశం.

సాయంత్రం ఇంటికెళ్ళి మెయిల్ తెరిచాను. పాన్ నంబరును చిన్నక్షరాల్లో కొట్టి, పక్కనే పుట్టినతేదీ వేస్తేగానీ ఆ కాగితం తెరుచుకోలేదు. లోపల రెండు వరుసల అంకెలు. ఒకటి నేను చెప్పిన లెక్క, రెండోది వాళ్ళు కట్టిన లెక్క. పై నుంచి కిందికి వేలితో రాసుకుంటూ వచ్చాను. చిట్టచివర ఆగిపోయింది వేలు. నేను కట్టాల్సింది 35,300 రూపాయలు. ముప్ఫై రోజుల్లోగా.

ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. ప్రశ్నను రెండుసార్లు చదివి, అర్థమయ్యాకే జవాబు రాయమని పిల్లలకు కొన్ని వేలసార్లు చెప్పి ఉంటాను. అలాంటిదాన్ని ఆ రోజు ఏం చేశానో తెలుసా? ఫోన్ ఆపేసి, బీరువాలో చీరల మధ్య పెట్టి తాళం వేశాను. కాగితం ఫోన్‌లో ఉంటే ఫోన్‌ను దాస్తే సరిపోతుందన్నట్టు!

ఇంకో అయిదు నెలల్లో రిటైర్మెంట్. ఈ గొడవతో పింఛను కాగితాలు ఆగిపోతాయేమో, వీధి మొదట్లో జీపు ఆగుతుందేమో, 'టీచరమ్మ పన్ను ఎగ్గొట్టిందంట' అని నలుగురూ అనుకుంటారేమో... రాత్రంతా ఇవే ఆలోచనలు. పక్కనే ఉన్న మా ఆయనకు మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అడిగితే నా దగ్గర సరైన సమాధానం లేదు. మా నాయన దగ్గరా లేకపోయింది.

ఆ సంగతి చెప్పాలంటే 1972కి వెళ్ళాలి.

మాది కళ్యాణదుర్గం వైపు ఒక మెట్ట పల్లె. తూర్పు నుంచి వచ్చే మేఘం, పడమటి నుంచి వచ్చే మేఘం రెండూ దారిలోనే కురిసేసి, మా దగ్గరకొచ్చేసరికి వట్టి గాలిగా మిగిలే చోటు. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఆ ఏడు ముంగారు వానలు మోసం చేశాయి. శెనక్కాయ చెట్టు జానెడు లేచి మాడిపోయింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. సంగటి ముద్ద సైజు రోజురోజుకీ తగ్గడం బాగా గుర్తు.

ఒకరోజు తలారి వచ్చి నాయన చేతిలో తాఖీదు పెట్టి, వేలిముద్ర వేయించుకుపోయాడు. పాత శిస్తు, దాంతోపాటు అంతకుముందు బావి పూడిక తీయడానికి తీసుకున్న తక్కావి అప్పు... రెండూ కట్టమని. నాయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, అటక మీద గింజల కుండ వెనక దోపాడు. నేను బళ్ళో చదువుతున్నాను కదా, "చదివి చెప్తా నాయనా" అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

"వద్దు పాపా. చదివితే ఒప్పుకున్నట్టే అవుతాది" అన్నాడు.

పక్క ఊళ్ళో నలుగురు రైతులు కరణంతో అర్జీలు రాయించుకున్నారు. పంట ఎండింది, వాయిదా ఇప్పించండి అని. వాళ్ళకు గడువు దొరికింది. మా నాయన ఎక్కడికీ పోలేదు. కొన్నాళ్ళకు జప్తుకు వచ్చారు. ఇంట్లో తీసుకుపోవడానికి ఏముంది? అమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన ఇత్తడి గంగాళం. దాని అంచు మీద అమ్మ పేరు చెక్కి ఉండేది. దాన్ని ఇద్దరు మోసుకుంటూ వీధిలోకి తీసుకుపోతుంటే అమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. ఏడవలేదు. నాయనతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ గంగాళం వేలంలో ఎవరింటికి పోయిందో మాకు తెలియలేదు.

ఇప్పుడు మళ్ళీ నా కథకు వద్దాం. 2020 జూన్‌లో రిటైరయ్యాను. పింఛను ఆగలేదు. జీపూ రాలేదు. 'చూశావా, దాని పాటికది సద్దుమణిగింది' అనుకున్నాను. ఆ తర్వాతి ఏడాది లెక్కలో నాకు 11,860 రూపాయల రీఫండ్ రావాలి. మా అమ్మ మా దగ్గరే అనంతపురంలో ఉంటుంది. ఎనభై దాటింది. ఎడమ కంటికి పొర కమ్మింది. ఆ డబ్బు రాగానే ఆపరేషన్ చేయిస్తానని మాటిచ్చాను.

2021 మొదట్లో ఇంకో మెయిల్ వచ్చింది. ఈసారి సెక్షన్ 245. మీకు రావాల్సిన డబ్బును పాత బకాయికి జమ వేసుకోవాలనుకుంటున్నాం, అభ్యంతరముంటే గడువులోగా చెప్పండి, చెప్పకపోతే జమ వేసుకుంటాం అని. దాన్నీ నేను పూర్తిగా చదవలేదు. పైన శాఖ పేరు చూడగానే గుండె దడదడలాడి మూసేశాను. రీఫండ్ రాలేదు. అమ్మ ఆపరేషన్ వాయిదా పడింది. "ఇంకా డబ్బు పడలేదా?" అని మా ఆయన అడిగిన ప్రతిసారీ "కరోనా కదా, ఆలస్యమవుతోందేమో" అని అబద్ధమాడాను.

ఒక సాయంత్రం అమ్మ దగ్గర కూర్చుని బియ్యం ఏరుతుంటే నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తనకు సరిగా కనబడదు. కానీ చేతులు ఆగిపోయాయని తెలిసిపోయింది. "ఏమైందే?" అంది. మొత్తం చెప్పేశాను. విని కాసేపు ఊరుకుంది. తర్వాత యాభై ఏళ్ళలో ఎన్నడూ అనని మాట అంది.

"గంగాళం పోయిందని మీ నాయన మీద నాకు కోపం లేదే. గంగాళం ఈ పొద్దు పోతే రేపు ఇంకోటి కొనుక్కోవచ్చు. నెల దినాలు ఆ కాగితం నెత్తిన పెట్టుకుని తిరిగినాడు, నాకొక మాట చెప్పలేదు చూడు... అది పోలేదు నా మనసులోనుంచి. కాగితానికి నోరు లేదు, మనకుండాది కదా!"

ఆ రాత్రే మా ఆయనకు చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. "ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా?" అని మాత్రం అన్నాడు. దానికన్నా నాలుగు తిట్లు తిట్టి ఉంటేనే బాగుండేది.

మర్నాడు నా దగ్గర ఏడో తరగతి చదివిన కుర్రాడికి ఫోన్ చేశాను. ఊళ్ళోనే ఒక ఆడిటర్ దగ్గర గుమాస్తాగా ఉన్నాడు. సాయంత్రం సైకిల్ మోటారేసుకుని వచ్చాడు. కాగితాలు చూసి నవ్వాడు. "ఏమిటికి మేడం ఇంత భయపడేది? ఇది పాము కాదు, ప్రశ్న. మీరే కదా చెప్పేది, ప్రశ్నకు జవాబు రాయకపోతే సున్నా వేస్తారని!"

అసలు జరిగింది ఇదీ. నాకు పదోన్నతి వేతనం నాలుగేళ్ళు తేలలేదు. చివరికి 2018-19లో తేలి, బకాయిలన్నీ కలిపి 2,16,000 రూపాయలు ఒక్కసారే చేతికొచ్చాయి. నాలుగేళ్ళ జీతం ఒకే ఏడాదిలో పడితే ఆ ఏడాది ఆదాయం పెరిగి, పై శ్లాబులోకి పోతుంది. ఏ ఏటి డబ్బు ఆ ఏడు వచ్చి ఉంటే అంత పన్ను పడేది కాదు. ఈ అన్యాయం జరగకుండా చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది. అదే సెక్షన్ 89. బకాయిలను ఏ సంవత్సరానివి ఆ సంవత్సరానికి పంచి లెక్కగట్టి, తేడా మేరకు పన్ను తగ్గిస్తారు. నా విషయంలో ఆ తగ్గింపు పాతిక వేల పైచిలుకు. అయితే దానికి ఫారం 10ఈ అని ఒకటి ఆన్‌లైన్‌లో విడిగా దాఖలు చేయాలి. నాకు రిటర్ను వేసిన నెట్ సెంటర్ అతను తగ్గింపు అంకె వేశాడు కానీ ఆ ఫారం పెట్టలేదు. ఫారం లేదు కాబట్టి అక్కడి కంప్యూటర్ తగ్గింపును కొట్టేసింది. దాని మీద వడ్డీ వేసింది.

"మరి మిగతాది?" అన్నాను. "అది మాత్రం మనదే తప్పు మేడం" అన్నాడు. ఆ ఏడాది రిటర్నుకు గడువు ఆగస్టు 31. నేను వేసింది డిసెంబర్‌లో. ఆదాయం అయిదు లక్షలు దాటినవాళ్ళు అలా ఆలస్యం చేస్తే సెక్షన్ 234ఎఫ్ కింద 5,000 రూపాయల రుసుము. అది కట్టి తీరాల్సిందే.

అంటే ఆ తాఖీదు మొత్తం తప్పూ కాదు, మొత్తం ఒప్పూ కాదు. చదివి విడదీస్తే తప్ప ఏది ఎంతో తెలియదు. ఇన్నాళ్ళూ నేను చేసిన పొరపాటు అదే. అంతా నిజమేనని భయపడ్డాను, అంతా అబద్ధమై ఉంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. రెండింటికీ మధ్యన ఉన్న లెక్క మాత్రం చూడలేదు.

ఇంకో మాట కూడా ఆ అబ్బాయి చెప్పాడు. "జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే మేడం. అందుకే మీ రీఫండ్ జమ వేసుకున్నారు." చదివితే ఒప్పుకున్నట్టే అని మా నాయన. చదవకపోతేనే ఒప్పుకున్నట్టు అని చట్టం. ఎంత తిరకాసు చూడండి!

నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసింది ఇంకొకటి. నేను సోషల్ టీచర్ని. ఏటా రైత్వారీ పద్ధతి పాఠం చెప్పినదాన్ని. నిజాం 1800లో దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, మొదటి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చినవాడు థామస్ మన్రో. అనంతపురంలో మకాం ఉండి, పొలాలన్నీ కొలిపించి, ప్రతి రైతుకూ విడిగా శిస్తు కట్టాడు. ఆ కట్టిన చేతులతోనే, 1807లో ఇక్కడినుంచి వెళ్ళేముందు, ఈ నేలకు ఇంత శిస్తు ఎక్కువ, నూటికి పాతిక వంతులు తగ్గించండని పై వాళ్ళకు రాశాడు. అప్పట్లో వాళ్ళు ఒప్పుకోలేదు. 1820లో తనే మద్రాసు గవర్నర్‌గా తిరిగొచ్చాకగానీ ఆ తగ్గింపు అమలు కాలేదు. 1827లో దత్తమండలాల పర్యటనకు వచ్చి, పత్తికొండలో కలరాతో పోయాడు. ఇక్కడి వాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.

కలెక్టరంతటివాడు శిస్తు ఎక్కువైందని పైకి అర్జీ పెట్టుకోవడానికి మొహమాటపడలేదు. ఆ పాఠం పిల్లలకు చెప్పీ చెప్పీ నోరు అరిగిన నేను, నా లెక్క తప్పుగా ఉందని నాలుగు ముక్కలు రాయడానికి వణికిపోయాను! ఈ కరువు సీమలో ఆ వణుకు ఇవాళ్టిది కాదులెండి. 1864లో వచ్చిన రెవెన్యూ రికవరీ చట్టం, దాని వెనకే తలారి దండోరా, గడప ముందు వేలం... తరాల తరబడి కాగితం అంటే ఇంట్లోంచి ఏదో ఒకటి మోసుకుపోయేదనే మనకు ఎరుక. 1984లో కరణాలు, మునసబులు పోయారు. వాళ్ళ పేరు చెబితే పుట్టే భయం మాత్రం మన ఇళ్ళల్లోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే ముగ్గురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ముందుగా ఫారం 10ఈ దాఖలు చేశాం. తర్వాత సెక్షన్ 154 కింద లెక్క సవరించమని అర్జీ పెట్టాం. ఆ సవరణకు, ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ళ వరకూ గడువుంటుందట. బకాయికి జవాబిచ్చే చోట 'కొంత ఒప్పుకోవడం లేదు' అని నొక్కి, కారణం రాశాం. 2022లో కొత్త ఉత్తర్వు వచ్చింది. తగ్గింపు ఒప్పుకున్నారు. అయిదు వేల రుసుము, దాని మీద నా మౌనానికి పడిన ఏడు వందల వడ్డీ మిగిలాయి. పోను, ఆరు వేల పైచిలుకు నా ఖాతాలో పడింది. ముప్ఫై అయిదు వేల కొండ, తవ్వితే ఎలుకంత అయింది. నేను నిద్రలేకుండా గడిపిన రాత్రులకు మాత్రం ఏ సెక్షన్ కిందా రీఫండ్ లేదు.

ఇప్పుడు మా వీధిలో ఎవరికి ఇలాంటి మెసేజ్ వచ్చినా మా ఇంటికి వస్తారు. నేను ఆడిటర్ని కాను. నాకు తెలిసిన నాలుగు ముక్కలే చెబుతాను. మీకూ చెబుతాను, అవసరం పడవచ్చు.

ముందు అది నిజంగా శాఖ పంపిందేనా అని చూడండి. 2019 అక్టోబర్ 1 తర్వాత వచ్చే ఉత్తరాల మీద 'డిన్' అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆదాయపన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఆ సంఖ్య కొడితే అసలుదో నకిలీదో తేలిపోతుంది. మెసేజ్‌లో ఉన్న లింకు నొక్కి డబ్బు కట్టకండి. భయపడ్డవాడి జేబే దొంగకు తేలిక. వెబ్‌సైట్‌ను మీ అంతట మీరే తెరిచి, లోపల మీ ఖాతాలో ఆ ఉత్తరం ఉందేమో చూడండి.

తర్వాత అది ఏ సంవత్సరానిది, ఏ సెక్షన్ కిందది అన్నది రాసుకోండి. 143(1) అనగానే బెంబేలు పడక్కర్లేదు. రిటర్ను వేసిన ప్రతి ఒక్కరికీ వచ్చే లెక్క కాగితమది. చాలాసార్లు రెండు వరుసలూ సరిపోయి, కట్టాల్సింది సున్నా అనే ఉంటుంది. తేడా ఉంటే, ఏ వరుసలో మొదలైందో వెతకండి. ఫారం 16, ఫారం 26ఏఎస్, బ్యాంకు వడ్డీ కాగితాలు పక్కన పెట్టుకుంటే అరగంటలో దొరుకుతుంది.

తప్పు మీదైతే కట్టేయండి. ముప్ఫై రోజులు దాటితే నెలకు నూటికి ఒక రూపాయి వడ్డీ. తప్పు వాళ్ళదైతే సవరణ కోరండి. అదీ కాదంటే ముప్ఫై రోజుల్లోగా అప్పీలు ఉంది. ఏది చేసినా జవాబు మాత్రం ఇవ్వండి. కొత్త ఆదాయపన్ను చట్టాన్ని 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025లో చేశారు. దాంట్లో సెక్షన్ల నంబర్లు వేరు. పాత సంవత్సరాల లెక్కలు మాత్రం పాత చట్టం ప్రకారమే.

ఇంకో సంగతి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్‌లో పాత చిన్న బకాయిలు కొన్నిటిని రద్దు చేస్తామని ప్రకటించారు. 2009-10 వరకూ ఉన్నవాటిలో ఇరవై అయిదు వేల దాకా, 2010-11 నుంచి 2014-15 వరకూ ఉన్నవాటిలో పది వేల దాకా. ఆ వార్త చదివినప్పుడు నాకు అనిపించింది, ఇన్నేళ్ళూ ఆ కాగితాలను బీరువాల్లో, అటకల మీద దాచుకుని ఎంతమంది నాలా పడుకున్నారో అని.

అన్నిటికన్నా ముందు, ఇంట్లో చెప్పండి. ఇది ఏ ఆడిటరూ చెప్పడు. మా అమ్మ చెప్పింది.

అమ్మ కంటి ఆపరేషన్ ఆ ఏడే చేయించాం. పచ్చ అద్దాలు తీసేశాక మొదట చూసింది గోడ మీద నాయన ఫొటోని. కాసేపు చూసి, "పాపం, ఎంత భయపడినాడో" అంది. అంతే.

మొన్న మున్సిపాలిటీ నుంచి ఇంటిపన్ను డిమాండు కాగితం వచ్చింది. వాకిట్లో తీసుకున్నది అమ్మే. చదువు రాదు తనకి. అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికొచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏం రాసినారో చదువు. గట్టిగా చదువు, అందరికీ వినపడాల" అంది.